విత్తనం వద్దన్న ప్రవక్త

ఉపదేశి ఉద్యోగమంటే వాక్యం చెప్పడమే అనుకుని చేరాను. చెప్పడానికి ఆదివారం పూట ఒక గంట చాలు. ఆ గంటలో కూడా సగం మంది నిద్రపోయేవాళ్లు. వాళ్లను నేనేమీ అనేవాణ్ని కాదు, వారమంతా ఎండలో గుంటక తోలినవాడికి నీడ దొరికేదే ఆ గంట. అసలు ఉద్యోగం మిగిలిన రోజుల్లో ఉండేది. ఎవడో ఒకడు బస్సు దిగి వచ్చి, నాలుగు మాటలు చెప్పి, సంఘాన్ని కలగాపులగం చేసి వెళ్లిపోతాడు. ఆ మాటల్లో ఏది దేవుడిది, ఏది వాడిది అని మేం ఏరుకుంటూ కూర్చోవాలి. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పని. రాయి కూడా బియ్యం రంగులోనే ఉంటుంది కాబట్టి కళ్లు నొప్పి పుడతాయి.

ఈ పని కడప, కర్నూలు జిల్లాల్లో జుట్టు నెరిసేదాకా చేశాను. ఇప్పుడు వేదాంత పాఠశాలల్లో దీనికి ఏదో పెద్ద పేరు పెట్టి పాఠంగా చెబుతున్నారట. మా మనవరాలి మొగుడు ఆ చదువే చదివాడు. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు అబద్ధ బోధను గుర్తుపట్టే సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పాడు. అన్నీ సరైనవే. అయితే వాటిలో ఒక్కటి కూడా నేను పనిచేసిన నల్లగుట్టపల్లెలో నాకు పనికొచ్చేది కాదని చెప్పాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని ఎందుకని అడిగాడు. అతనికి నోటితో చెప్పింది, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మీకోసం రాసి పెడుతున్నాను. బదిలీలు, జీతాలు, సన్మానాలు ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివితే ఆవులింతలు వస్తాయి.

గుడారాల కాలం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజులు అవి. సర్కారు కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఊరి అవతల జనంలో భక్తి రేపే మన ఉజ్జీవ కూటాలకూ గుడారాలే. కర్నూలుకు పని మీద పోయినప్పుడల్లా నేను రెండు రకాల గుడారాల్లోకీ తొంగిచూసేవాణ్ని. ఎందులోకి పోయినా రాబోయే మంచి రోజుల గురించే చెప్పేవాళ్లు. ఎందులోనైనా వెనక వరసలో నిలబడిన మాలాంటివాళ్లకు సరిగ్గా వినపడేది కాదు.

బోధకులు కూడా ఆ కాలంలో వాన తర్వాత ఉసిళ్లలా లేచారు. ఒకాయన యోర్దాను నది నీళ్లని సీసాల్లో పట్టుకొచ్చి రోగులకు తాపించాడు. నేనూ ఒక గుక్క తాగి చూశాను. ఆ రుచి చిన్నప్పటి నుంచి నాకు తెలిసిందే, కర్నూలు–కడప కాలువది. ఇంకొకాయన ఒక్కొక్కరికి పరలోకంలో ఉండే పేరు చెబుతానని వచ్చాడు. మా ఊరి వెట్టి నరసయ్యకు మెల్కీసెదెకు అని బైబిలులోని పేరు పెట్టి పోయాడు. నరసయ్య ఆ పేరుకు నోరు తిరగక, పరలోకంలో పిలిస్తే పలకలేనేమోనని నెలల తరబడి దిగులు పడ్డాడు. నేను పోయి, ఆ పేరు ఇంతకు ముందే ఇంకొకరికి ఇచ్చేశారయ్యా, నీకు పాతదే ఉంచారు అని చెబితే గానీ మనిషి కుదుటపడలేదు.

ఇట్లాంటివాళ్లను పట్టడానికి నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. మొదటిది, కానుకల సంచి వచ్చేటప్పుడు బోధకుడి చూపు ఎక్కడుంది. రెండోది, ఆడవాళ్లు పాట పాడేటప్పుడు చూపు ఎక్కడుంది. మూడోది, ప్రసంగంలో ప్రభువు పేరు ఎక్కువ వినపడుతుందా, ‘నేను’ ఎక్కువ వినపడుతుందా. మా ఇంటామె ఇంకొకటి కలిపింది. భోజనానికి పిలిస్తే, పిల్లలు తిన్నారా అని అడిగి కూర్చుంటాడా, అడక్కుండా కూర్చుంటాడా చూడమంది. ఈ నాలుగూ దాటినవాణ్ని నేను చాలా ఏళ్లు చూడలేదు. నాకు నేనే పెద్ద తనిఖీదారునని అనుకుని మీసం దువ్వుకుంటూ తిరిగాను.

ఇర్మియా

అట్లా ఉండగా నల్లగుట్టపల్లెకు ఇర్మియా వచ్చాడు. ఎర్రగుంట్ల వైపు రైలు పట్టాల మీద గ్యాంగు కూలీగా పనిచేసి మానేసిన మనిషి. నల్లగా, పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉంటాడు. గొంతు మాత్రం గంట. పాడితే గుడి పైకప్పు రేకులు కదిలేవి. మాట్లాడేటప్పుడు మనలాగే మాట్లాడేవాడు, “రోంత నీళ్లు ఇయ్యమ్మా” అని చనువుగా అడిగేవాడు. దర్శనం మొదలైందంటే మాత్రం ‘వచ్చును, పోవును’ అని గ్రాంథికంలోకి దిగేవాడు. పరలోకంలో రాయలసీమ మాట నడవదు కాబోలు అనుకునేవాణ్ని.

ఆయన బోధ చాలా చిన్నది. “ఈ యేటి పంట ఇంటికి రాకమునుపే ప్రభువు వచ్చును. మీ చనిపోయినవారు సమాధులలోనుండి లేచి మీ గడపలయొద్దకు వచ్చెదరు. విత్తువాడు ఆయన రాకను నమ్మనివాడు.” ఇంతే. అంటే ఈ ఏడు సేద్యం చెయ్యొద్దు, శెనక్కాయ వెయ్యొద్దు, ప్రార్థనలో కనిపెట్టుకుని ఉండండి అని.

ఈ మాట ఎవరి చెవిన పడిందో కూడా చూడాలి. అంతకు ముందు వరసగా వానలు మొహం చాటేశాయి. గంజి కేంద్రాల ముందు గిన్నె పట్టుకుని నిలబడి వచ్చిన జనం వీళ్లు. ఇంటికొకరినైనా మట్టిలో పెట్టారు. అలాంటివాళ్లతో ఇంక చాకిరీ అయిపోయింది, పోయినవాళ్లు తిరిగొస్తున్నారు అంటే ఎవరు కాదంటారు? నేను వాళ్ల చోట ఉంటే నేనూ కాదనను.

నా పరీక్షలు మొదలుపెట్టాను. కానుకల సంచి వస్తే ఇర్మియా కళ్లు మూసుకునేవాడు, పైసా ముట్టలేదు. ఆడవాళ్ల వైపు చూసిన పాపాన పోలేదు. ప్రసంగంలో ‘నేను’ అన్న మాట వెతికినా దొరకలేదు. మా ఇంట్లో భోజనానికి కూర్చోబెడితే, పిల్లలు తిన్నారా అనడమే కాదు, తన పళ్లెంలోని ముద్ద సగం తీసి వాళ్లకు పెట్టాడు. మా ఇంటామె లోపలికి వచ్చి నా చెవిలో, “ఈయన నీకంటే మేలు” అంది.

నాకు ఇంకా అనుమానమే. ఇక్కడ విత్తొద్దని చెప్పి తన ఊళ్లో తన చేను మాత్రం దున్నించుకుంటున్నాడేమో చూద్దామని సైకిల్ తొక్కుకుంటూ ఆయన ఊరికి పోయాను. ఉన్న చేను తమ్ముడికి రాసిచ్చేశాడు. విత్తనం బీదవాళ్లకు పంచేశాడు. ఇద్దరు పిల్లలు ఒకే జ్వరంలో పోయారట, అప్పటి నుంచే ఈ దర్శనాలు. ఊరివాళ్లు ఆయన పేరెత్తితే చేతులు జోడించారు. తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. దొంగ అయి ఉంటే నా పని ఎంత సులువయ్యేది! మీరు బాగా గుర్తుపెట్టుకోండి, ఈ వృత్తిలో దొంగలతో పెద్ద ఇబ్బంది ఉండదు. తాము చెప్పేదాన్ని మనసారా నమ్మేవాళ్లతోనే మన ప్రాణం పోతుంది.

సరే, వాక్యంతోనే కొడదామని ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ ఆయనతో వాదానికి దిగాను. నేను ఒక వాక్యం తీస్తే ఆయన మూడు తీశాడు. వాక్యాలు మా చేలలో రాళ్ల లాంటివి, వంగినవాడికల్లా ఒకటి దొరుకుతుంది. విసరడంలో చెయ్యి తిరిగినవాడిదే గెలుపు. జనం కోళ్ల పందెం చూసినట్టు చూశారు. ఒక ముసలాయన తమలపాకు నములుతూ, “ఈ పొద్దు అయ్యోరు శానా దెబ్బలు తిన్నాడప్పా” అని సంతోషంగా ఇంటికి పోయాడు. మా వైపు ఉపదేశిని అయ్యోరు అనే పిలుస్తారు.

సిద్ధాంతమా, వ్యవసాయమా

నా పై అధికారి రెవరెండ్ దేవసహాయంగారు. మేమందరం పెద్దయ్యగారు అనేవాళ్లం. కడపలో కాపురం. మంచి మనిషి, చదువుకున్న మనిషి. ఆయన దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన వాలుకుర్చీలో కూర్చుని అంతా విని, “త్రిత్వం గురించి ఏమంటున్నాడు?” అని అడిగారు.

“మనం చెప్పేదే అంటున్నాడయ్యా.”

“బాప్తిస్మం?”

“అందులోనూ తేడా లేదు.”

“ప్రభువు రెండవ రాకడ మనమూ నమ్ముతాం కదా. మరి తప్పెక్కడుంది?”

“విత్తనం వెయ్యొద్దంటున్నాడయ్యా.”

పెద్దయ్యగారు కాసేపు ఆలోచించారు. “అది సిద్ధాంతం కాదు కదయ్యా, వ్యవసాయం” అన్నారు. అయినా నా మొహం చూసి జాలిపడి, నలుగురితో ఒక కమిటీ వేసి ఇర్మియాను పిలిపించి విచారిద్దామని మాటిచ్చారు. కమిటీలో ఒకాయన మద్రాసులో ఉన్నాడు, ఆయన రావాలి. ఇంకొకాయన కూతురి పెళ్లి పనుల్లో ఉన్నాడు, అవి తీరాలి.

నేను ఆయన్ని ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. కొద్దిగా చేస్తున్నాను, సరే. పెద్దయ్యగారి జీతం వాన పడినా పడకపోయినా వచ్చేది. విత్తనం గురించి చెప్పే మాట దేవుడి గురించి చెప్పే మాట కూడా అని ఆయనకు తట్టకపోవడానికి అదే కారణం. బోధలో తప్పు ఎప్పుడూ పెద్ద పెద్ద మాటల్లోనే దాక్కుంటుందని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో అది ఎక్కువగా జనం పొయ్యి దగ్గర, చేను దగ్గర కనపడుతుంది. పెద్దయ్యగారు పెట్టిన కాఫీ తాగి వచ్చేశాను.

పదును

మా ఎర్ర నేలల్లో ముంగారు వాన, అంటే తొలకరి, బాగా పడితే నేలలో తడి నాలుగు నాళ్లు నిలుస్తుంది. దాన్నే పదును అంటాం. పదునులో గొర్రు పట్టి విత్తితే పంట. దాటిపోతే మళ్లీ వాన కోసం మొహం పైకెత్తుకుని కూర్చోవాలి. కొన్ని ఏళ్లు ఆ రెండో వాన రానే రాదు. ఇక విత్తనపు కాయ సంగతి. దాన్ని ఏడాది పొడుగునా ఎలుకలకూ పిల్లలకూ అందకుండా మూట గట్టి అటక మీద దాస్తారు. వాన పడ్డాక ఆడవాళ్లు కూర్చుని ఒలుస్తారు. ఎంత ఆకలేసినా అంతకు ముందు దాని మీద చెయ్యి పడదు. గంజి కోసం నిలబడిన వాళ్లలో చాలామంది ఇంట్లో విత్తనపు మూట పెట్టుకునే నిలబడ్డారు.

ఇర్మియా ఆ మూటలన్నీ గుడికి తెప్పించాడు. ఆదివారం ప్రేమవిందు అన్నాడు. కాయంతా ఉడకబెట్టి అందరూ కలిసి తినాలి, అది ఈ లోకంలో కడపటి విందు, ఆ తర్వాత ఉపవాసంతో ప్రభువును ఎదుర్కోవాలి. మూటలు తెచ్చి ప్రసంగపీఠం ముందర వరసగా పేర్చారు. సంఘంలో ఇంచుమించు అందరివీ వచ్చాయి. అప్పుడు పడింది వాన. రాయలసీమలో అడిగినప్పుడు పడని వాన, ఆ వారం ఎవరో పిలిచినట్టు వచ్చి దంచి కొట్టింది.

శనివారం పొద్దున ఊళ్లో పెద్ద రైతు నాగిరెడ్డి మా పల్లె మొదట్లో నిలబడి నన్ను కేకేశాడు. పల్లె లోపలికి రాడు, ఆయన ఆచారం ఆయనది. ఎద్దులు మాత్రం వస్తాయి, వాటికి కులం లేదు. ఆయన చేను ఒకటి మా సంఘంలోని ఎస్తేరమ్మ కోరుకు చేస్తోంది. ఎద్దులు రెడ్డివి, విత్తనమూ చాకిరీ ఆమెవి, పంట చెరిసగం. ఆమె మొగుడు యాకోబు చనిపోయాక ఇద్దరు ఆడపిల్లలతో ఆ చేను మీదే బతుకుతోంది.

“ఏమప్పా అయ్యోరూ” అన్నాడు రెడ్డి. “మీ దేవుడు ఎప్పుడొస్తాడో నాకు తెల్దు గానీ, పదును మటుకు రేపటికి పోతాది. ఎద్దులు పొద్దున్నించి కట్టి పెట్టుకోనుండా. మాపటేళకు ఎస్తేరి చేన్లో గొర్రు పడకపోతే ఇంకొకనికి ఇచ్చేస్తా. మళ్ల ఏడ్చి లాభంల్యా. నేను చేను ఇచ్చింది బీడు పెట్టేదానికా?”

ఆయన అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. చేను పోతే ఆ తల్లీబిడ్డలు మళ్లీ గంజి గిన్నె పట్టుకోవాల్సిందే. తిన్నగా ఎస్తేరమ్మ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది.

“ఎస్తేరమ్మా, రెడ్డి ఎద్దులు కట్టినాడు. ఇత్తనం ఒలిచినావా?”

“కాయ గుడిలో ఉండాది అయ్యోరా.”

“పోయి తెచ్చుకో మరి.”

ఆమె చెరగడం ఆపలేదు. “తెచ్చుకునేది ఎంతసేపు. తెచ్చుకుంటే ఏమయితాదో నీకు తెల్సునా? పంట ఇంటికొచ్చే లోపల మా ఇంటాయన లేచొస్తాడని ఇర్మియన్న చెప్పినాడు. ఇప్పుడు నేను పోయి ఇత్తనం ఏస్తే, ఆయప్ప రాడని నేనే చెప్పినట్ల గాదా?”

 అసలు ఆ మాట మొదట చెప్పింది నేనే కదా. యాకోబును మట్టిలో పెట్టేటప్పుడు, లేస్తాడమ్మా, మళ్లీ చూస్తావు అని సమాధి దగ్గర నిలబడి చెప్పింది నేనే. ఇర్మియా దానికి గడువు పెట్టాడు, అంతే. ఆమె ముందు నేను వాక్యాలు తీస్తే, నా మాట మీద నేనే రాయి వేసుకున్నట్టు అవుతుంది. 

అప్పుడు యాకోబు గుర్తొచ్చాడు. ఎట్లాంటి మనిషని! నా ప్రసంగం మధ్యలో కిటికీలోంచి మబ్బు కనపడిందని లేచి బయటికి పోయినవాడు. పోతూ పోతూ, నువ్వు కూడా ముగించుకో అని నాకు సైగ చేసినవాడు. ఆ చేను గట్టు మీద గడ్డి ఒక వారగా పెరిగితే ఇంటిల్లిపాదినీ తిట్టిపోసేవాడు.

“ఎస్తేరమ్మా, యాకోబు రేపే లేచొచ్చినాడనుకో. మొట్టమొదట యాడికి పోతాడు?”

ఆమె చేట ఆపి నా వైపు చూసింది. “యాడికి పోతాడు, చేనికాడికే పోతాడు.”

“ఈడ నువ్వు, బిడ్డలు ఉంటిరి గదా?”

“ఉంటే? ముందర చేను చూసి, మళ్ల మాకాడికొస్తాడు.”

“పోయి చూస్తే చేను బీడుగా ఉండాది. ఏమంటాడు?”

ఆమె పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. “ఏమంటాడా? నేను నాలుగు నాళ్లు యాడికో పోతే చేను ఇట్ల పెడతావా అని నా పానం తీస్తాడు. దేవదూతలు పక్కన నిలబడుకోని ఉన్నా సరే, వాళ్ల ముందరే తిడతాడు. వాళ్లను గూడా తిడతాడు.” నవ్వుతూ నవ్వుతూ కొంగు నోట్లో కుక్కుకుని బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. మొగుడు పోయాక ఆమె అట్లా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

కళ్లు తుడుచుకుని లేచింది. గుడికి బయలుదేరింది. నేను వెనకే పోయాను.

గుడి నిండా జనం. పాట నడుస్తోంది. పాడుతున్న జనం మధ్య నుంచి ఎస్తేరమ్మ ముందుకు పోయి, మూటల వరసలో వంగి తన మూట వెతుక్కుంది. పాట ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది. ఆమె మూట తీసి నెత్తిన పెట్టుకుంది. అందరి ముందూ దేవుడి ఎదుట పెట్టినదాన్ని తిరిగి తీసుకోవడం అంటే మా సంఘాల్లో ఎంత సిగ్గో బయటివాళ్లకు తెలియదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఇర్మియా ఆమెకు ఎదురుగా వచ్చాడు. కోపం లేదు ఆ మొహంలో, బాధ ఉంది. “చెల్లెలా, అది దేవునికిచ్చింది గదమ్మా.”

“దేవుడు తింటాడా అన్నా? రేపు తినేది మనమే గదా” అంది ఎస్తేరమ్మ. “మా ఇంటాయన వస్తే ఆయప్పతో నేను మాట్లాడుకుంటా. నువ్వు పక్కకు జరుగు.”

అప్పుడు నేను నోరు తెరిచాను. వాదం కోసం తెరవలేదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. “ఇర్మియన్నా, ఒక్కటే అడుగుతా. పంట కాలం దాకా నువ్వు ఈడనే ఉంటావా? ప్రభువు రాకపోతే వీళ్లతో పాటు నువ్వూ పస్తు పంటావా?”

ఇర్మియా కావాలంటే అబద్ధం చెప్పేయొచ్చు. ఉంటానని ఒక్క మాట అంటే నేను మళ్లీ ఓడిపోయేవాణ్ని. కానీ ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. తల వంచుకుని, “సోమవారం పక్క తాలూకాకు పోవల్ల అయ్యోరా. ఆడ గూడా ఈ మాట చెప్పల్ల” అన్నాడు.

 తమలపాకు ముసలాయన నమలడం ఆపాడు. వెనక నుంచి ఒక ఆడమనిషి లేచి వచ్చి తన మూట తీసుకుంది. తర్వాత ఇంకొకతె. ఆ పొద్దు ఎస్తేరమ్మ అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కూర్చుని కాయ ఒలిచారు. మాపటికి చేనులో గొర్రు పడింది. రెడ్డి గట్టు మీద నిలబడి, ఇంత చిక్కగా విత్తుతారా అని కేకలు వేశాడు. ఆ కేకలు నాకు కీర్తనలా వినపడ్డాయి.

అందరూ లేవలేదు

అందరూ లేచారని రాస్తే కథ బాగుంటుంది. లేవలేదు. సగం మంది మూటలు అక్కడే ఉంచారు. ఆదివారం ఉడకబెట్టారు. పాటలు పాడుతూ తిన్నారు, పిల్లలు ఏడాది తర్వాత కడుపు నిండా తిని గుడిలోనే నిద్రపోయారు. సోమవారం ఇర్మియా వెళ్లిపోయాడు. పదునూ పోయింది. రెండో వాన ఆ ఏడు రాలేదు.

ఆ కుటుంబాలు పంట కాలానికి ఇళ్లకు తడికెలు కట్టి, పత్తి ఏరే కూలికి నల్లరేగడి ఊళ్లకు వలస పోయాయి. ఆ క్రిస్మసుకు గుడి సగం ఖాళీ. నాకు ఇర్మియా మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన మంచివాడు కాబట్టి కోపం తగ్గించుకోమని పెద్దయ్యగారు చెప్పారు. తగ్గలేదు. మంచితనం ఆయన సొంతం, పస్తులు మాత్రం ఆ పిల్లలవి. పెద్దయ్యగారి కమిటీ కూడా మొత్తానికి కూర్చుంది. విచారణకు రమ్మని ఇర్మియాకు కబురు పంపింది, అప్పటికి చేలలో కాయ పీకుతున్నారు.

చాలా కాలం తర్వాత ఎర్రగుంట్ల స్టేషన్లో ఇర్మియా కనపడ్డాడు. మళ్లీ గ్యాంగు పనిలో చేరాడు. నన్ను చూసి సమ్మెట కింద పెట్టి వచ్చి, “నాకు దర్శనం వచ్చింది నిజమే అయ్యోరా” అన్నాడు. నేను నమ్మాను. వచ్చిందేమో ఆయనకు. దుఃఖం కూడా మనిషికి అట్లాంటివి చూపిస్తుంది. కానీ ఎవరికి ఏం కనపడిందనేది మన ఉద్యోగం కాదు పిల్లలూ. ఆ కనపడినదాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడటం మన ఉద్యోగం. చెప్పినవాడు తానూ ఆ బరువు కింద నిలబడి పంట చేతికొచ్చే దాకా అక్కడ ఉంటాడా అని అడగండి. నా మూడు పరీక్షలూ నేను మానుకోలేదు, దొంగలను పట్టడానికి పనికొస్తాయి. మిగిలినవాళ్లకు ఈ ప్రశ్నే వాడుకున్నాను. నాకు నేను కూడా అప్పుడప్పుడు ఆ ప్రశ్న వేసుకున్నాను, జవాబు ప్రతిసారీ బాగుండేది కాదు.

కాయ పీకిన నాడు

ఎస్తేరమ్మ చేను విరగ పండిందని చెప్పను. రెండో వాన లేని పంట ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. రెడ్డికి పోను ఆమెకు తిండికీ, మళ్లీ విత్తనానికీ వచ్చింది. కాయ పీకే రోజున చేను దగ్గరికి పోయాను. ఆడపిల్లలిద్దరూ కట్టలు మోస్తున్నారు. ఆమె సాలు వెంట వంగి చెట్లు పీకుతోంది. నేను గట్టు మీద నిలబడి పంట గురించి ఏదో మాట్లాడాను. ఆమె వినలేదు.

“అయ్యోరా, ఒగ మాట అడుగుతా. నిజం చెప్పల్ల” అంది, తల ఎత్తకుండానే.

“అడుగు.”

“ఇర్మియన్న చెప్పింది తప్పయిపాయ. మరి నువ్వు మా ఇంటాయన గుంతకాడ నిలబడుకోని చెప్పింటివే, లేస్తాడని. అదన్నా నిజమేనా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో పెద్దయ్యగారు గానీ, పరీక్ష పెట్టి నాకు ఈ పని ఇచ్చినవాళ్లు గానీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. సంఘంలో ఎవరూ అడగరు కూడా, అడిగితే నేను నొచ్చుకుంటానని. ఆమె నన్ను ఇర్మియా పక్కన నిలబెట్టి అడిగింది. 

“నేను నమ్ముతాండా ఎస్తేరమ్మా” అన్నాను.

“ఎప్పుడు లేస్తాడు?”

“తెల్దు.”

చేతిలోని చెట్టు మన్ను దులిపి పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది. “నీకు తెల్దా?”

“నాకు తెల్దు. తెల్సినోడు ఎవడూ లేడు.”

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. సంతలో కాయ కొరికి చూసేవాళ్లు చూసినట్టు చూసింది. తర్వాత మళ్లీ వంగింది.

“తెల్దని నాతో చెప్పినోడు నువ్వొక్కనివే” అంది. “నమ్ముతాలే. ఊరికే నిలబడుకోని ఏం చేస్తాండావు, ఆ సాలు పట్టు.”

పంచె ఎగగట్టి, ఆమె పక్క సాల్లోకి దిగాను.